మంట కనిపిస్తుంది, వేడి తగలదు: గ్యాస్ ఉపకరణాలపై పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

చలి ముదిరిన కొద్దీ ఈ శీర్షికకు గ్యాస్ మంట గురించిన ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో నాలుగింటికి ఈసారి సమాధానం ఇస్తున్నాము. రాసినవారి ఇళ్లు, ఉపకరణాలు వేరువేరైనా అందరి ఫిర్యాదూ ఒకటే: మంట బలహీనంగా ఉంది, వేడి చాలడం లేదు. దుకాణానికి పరుగెత్తే ముందు ఆ మంటను ఒక నిమిషం నిదానంగా చూడమని అందరినీ కోరుతున్నాము. గ్యాస్ తగ్గిందా, గాలి తగ్గిందా, లేక పుట్టిన వేడి మరో దారిన పోతోందా అన్నది చాలావరకు మంట రంగు, ఎత్తు, కదలికలలోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: మాది మూడు బర్నర్ల గాజుపలక స్టవ్. దసరా ముందు మెకానిక్‌ను పిలిచి సర్వీసింగ్ చేయించాము. అప్పటి నుంచి పెద్ద బర్నర్ సన్నగా మండుతోంది. సంక్రాంతికి సకినాలు చేద్దామని ముందుగా ఒక వాయి వేసి చూస్తే, మూకుడులో నూనె ఎంతకీ కాగలేదు, సకినాలు నూనె పీల్చుకుని మెత్తబడ్డాయి. చిన్న బర్నర్ మీద మాత్రం పసుపు పచ్చని మంట పైకి లేచి గిన్నెలు నల్లబడుతున్నాయి. బండ కొత్తదే. రెగ్యులేటర్ మార్చాలంటారా? (ఒక గృహిణి, హనుమకొండ)

సమాధానం: రెగ్యులేటర్‌ను ఇప్పుడే అనుమానించనక్కరలేదమ్మా. రెగ్యులేటర్‌లోనో, పైపులోనో, బండలోనో లోపం ఉంటే మూడు బర్నర్లూ కలిసి నీరసించాలి. మీ ఇంట్లో ఒకటి తగ్గింది, ఒకటి మితిమీరింది, మూడవదాని గురించి మీరు ఏమీ రాయలేదంటే అది బాగానే మండుతోందని అనుకుంటున్నాము. ఈ తేడా సర్వీసింగ్ తరువాతే మొదలైందన్న మీ మాట కలిపి చూస్తే, పెద్ద బర్నర్ జెట్‌ను చిన్నదానికీ, చిన్నదాని జెట్‌ను పెద్దదానికీ బిగించి ఉంటారన్నది మా గట్టి అనుమానం.

జెట్ అంటే నాబ్ వెనుక, బర్నర్‌కు గ్యాస్‌ను తీసుకెళ్లే ట్యూబ్ మొదట్లో ఉండే చిన్న ఇత్తడి మర. దాని నడుమ వెంట్రుకంత సన్నని రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలోంచి వేగంగా దూసుకువచ్చే గ్యాస్, ట్యూబ్ మొదట్లో ఉన్న ఖాళీ గుండా బయటి గాలిని తనతోపాటు లోపలికి లాక్కుంటుంది. రెండూ ట్యూబ్‌లో కలిసి బర్నర్ రంధ్రాల దగ్గర మండుతాయి. కలవవలసినంత గాలి కలిస్తే మంట నీలంగా, పొట్టిగా, నిలకడగా ఉంటుంది. గాలి చాలకపోతే సగం కాలిన కర్బన రేణువులు వేడికి మెరిసి పసుపు రంగునిస్తాయి, ఆ రేణువులే గిన్నె అడుగున మసిగా పేరుకుంటాయి. పెద్ద రంధ్రమున్న జెట్ చిన్న బర్నర్‌కు చేరితే గ్యాస్ ఎక్కువై గాలి చాలదు, చిన్న రంధ్రమున్నది పెద్ద బర్నర్‌కు చేరితే మంట నీలంగానే ఉన్నా నూనె కాగేంత సెగ రాదు. మీరు వర్ణించినది అచ్చంగా ఇదే. మెకానిక్‌ను మళ్లీ పిలిపించి, రెండు జెట్లనూ విప్పించి, పక్కపక్కన పెట్టి వెలుతురుకు ఎదురుగా చూపించమనండి. రంధ్రాలలో తేడా కంటికే తెలుస్తుంది. చాలా జెట్ల మీద ఒక అంకె కూడా చెక్కి ఉంటుంది. ఈ పనిని మీరే చేయవద్దు, ఎందుకంటే జెట్ బిగింపులో సందు మిగిలితే గ్యాస్ కారుతుంది. బిగించిన తరువాత సబ్బు నురుగు రాసి బుడగలు లేస్తున్నాయేమో మీ ఎదుటే చూపించమని అడగండి.

అదే మెకానిక్ జెట్‌లోకి పిన్నీసు దూర్చి శుభ్రం చేసి ఉంటే మాత్రం జెట్లను తారుమారు చేసినా పూర్తి ఫలితం రాదు. ఇత్తడి మెత్తని లోహం, ఉక్కు సూది గుచ్చితే రంధ్రం వెడల్పవుతుంది, అప్పుడు కొత్త జెట్ వేయించడమే మార్గం. దాని ఖర్చు స్వల్పం. రంధ్రం సాగిన జెట్‌తో స్టవ్ వాడుతూ పోతే ప్రతి బండకూ కొంత గ్యాస్ మసిగా పోతూనే ఉంటుంది.

ఈ సందర్భంలో మిగతా పాఠకులకు కూడా ఒక మాట. ఏ సర్వీసింగూ జరగకుండానే ఒక్క బర్నర్ మంట తగ్గితే, తొంభై పాళ్లు అది పొంగిన గంజి, పాలు, పప్పు చేసిన పనే. బర్నర్ చల్లారాక తీసి, వేడి సబ్బునీటిలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఒక్కొక్క రంధ్రాన్నీ వెలుతురులో చూసుకోండి. పూర్తిగా ఆరకముందే తిరిగి పెడితే తడి వల్ల మంట చిటపటలాడుతుంది. బర్నర్ తన గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా ఒక పక్క మంట ఎగసి, మరోపక్క ఆరిపోతుంది. నాబ్ తిప్పడం బిగుతుగా మారి మంట తగ్గితే, లోపలి కాక్‌లో (నాబ్‌తోపాటు తిరిగి గ్యాస్‌ను వదిలే, ఆపే బిరడాలో) గ్రీజు గట్టిపడి దారిని మూసిందని అర్థం, అది మెకానిక్ పని. మంట బర్నర్ మీద కాకుండా లోపల ట్యూబ్‌లో టప్పుమని అంటుకుని గుయ్యిమని మండితే క్షణం ఆలస్యం చేయకుండా నాబ్ కట్టేయండి.

అన్ని బర్నర్లూ ఒకేసారి మందగిస్తే అప్పుడు వెనక్కి వెళ్లాలి. ముందు పైపు చూడండి. అల్మరా సందులో నలిగిందా, బండ కింద పడి నొక్కుకుపోయిందా, ఎలుక కొరికిందా? ఐఎస్ఐ గుర్తు ఉన్న నారింజ రంగు సురక్షా పైపును ఐదేళ్లకు మించి వాడకూడదు. తరువాత రెగ్యులేటర్. ఇంటి రెగ్యులేటర్ బండలోని ఒత్తిడిని సుమారు 30 మిల్లీబార్లకు తగ్గించి స్టవ్‌కు పంపుతుంది. దానిని విప్పి బాగుచేయడం అంటూ ఉండదు, గ్యాస్ ఏజెన్సీలో మార్చుకోవలసిందే.

స్టవ్ బాగుపడిందో లేదో తెలుసుకోవడానికి పండుగ నూనెతో ప్రయోగం అక్కరలేదు. 2 లీటర్ల నీటిని మూత పెట్టి పెద్ద బర్నర్ మీద పూర్తి మంటకు పెట్టండి. 30 డిగ్రీల నుంచి మరిగే దాకా ఆ నీటికి 140 కిలోకేలరీల వేడి కావాలి. గ్యాస్ స్టవ్‌కు భారతీయ ప్రమాణం కనీసం 68 శాతం సామర్థ్యాన్ని కోరుతుంది కనుక, ఆ లెక్కన ఇందుకు సుమారు 19 గ్రాముల గ్యాస్ చాలు. సాధారణ పెద్ద బర్నర్ మీద ఏడెనిమిది నిమిషాల నుంచి పది నిమిషాల లోపు నీరు తెర్లాలి. పావుగంట దాటిందంటే లోపం ఇంకా మిగిలే ఉంది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి వచ్చి ఈ శీతాకాలం షికాగో శివారులో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాము. హాలు గోడలో గాజు వెనుక గ్యాస్‌తో మండే ఫైర్‌ప్లేస్ ఉంది. పోయినసారి వచ్చినప్పుడు పొడవైన పసుపు మంటలతో గది అంతా వెచ్చగా ఉండేది. ఈసారి మంటలు పొట్టిగా, ఒక పక్కనే వస్తున్నాయి, కొన్ని నిమిషాలకు వాటంతట అవే ఆరిపోతున్నాయి కూడా. గాజు మీద తెల్లని పొర కట్టింది. మా అబ్బాయి, కోడలు ఉద్యోగాలతో తీరిక లేక పట్టించుకోవడం లేదు. మేము చూడగలిగినది ఏమైనా ఉందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్)

సమాధానం: మీరు చూడగలిగినది చాలానే ఉంది, ముట్టుకోవలసినది మాత్రం తక్కువ. ముందుగా ఒక తేడా గమనించండి. వంటింటి స్టవ్‌లో పసుపు మంట లోపానికి గుర్తు అయితే, ఫైర్‌ప్లేస్‌లో దానిని కోరి తెస్తారు. కట్టెలు మండుతున్నట్టు కనిపించడానికి గాలిని కొంత తగ్గించి, పింగాణీతో చేసిన దుంగల నడుమ మంటను పసుపుగా ఆడిస్తారు. అందువల్ల అక్కడ పొట్టి నీలి మంట కనిపిస్తే గ్యాస్ తగ్గిందని గానీ, గాలి ఎక్కువైందని గానీ అనుకోవాలి. మరీ పొడవై, కొనలు నల్లబడి, గాజుకు మసి పడితే గాలి చాలడం లేదని అర్థం.

తేలికైనవి ముందు చూడండి. రిమోట్‌లోగానీ, కింది అరలో ఉన్న నాబ్‌లోగానీ మంట స్థాయి తక్కువకు తిరిగి ఉందేమో, గ్యాస్ గొట్టానికి ఉన్న వాల్వ్ పిడి గొట్టంతో సమాంతరంగా పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. శుభ్రం చేసేటప్పుడు కొంత అడ్డంగా తిరిగిన పిడి వల్ల మంట సగమైన ఇళ్లు ఎన్నో. తరువాత వంటింటి స్టవ్ మంట ఎలా ఉందో చూడండి. అది కూడా తగ్గితే లోపం ఫైర్‌ప్లేస్‌లో లేదు, గ్యాస్ సరఫరా సంస్థకు చెప్పాలి. స్టవ్ బాగుండి, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ నడుస్తున్నప్పుడు మాత్రమే ఫైర్‌ప్లేస్ మందగిస్తే, ఆ గొట్టం అన్నింటికీ సరిపడేంత లావు లేదని అనుమానించాలి. ఫర్నేస్‌ను కొద్ది నిమిషాలు ఆపించి చూస్తే తెలిసిపోతుంది.

మీ ఉత్తరంలో నా దృష్టిని ఎక్కువగా లాగినవి రెండు: మంట ఒక పక్కనే రావడం, కొన్ని నిమిషాలకు ఆరిపోవడం. మొదటిది బర్నర్ రంధ్రాలు మూసుకుపోయినప్పటి లక్షణం. వేసవి అంతా వాడకుండా ఉన్న ఫైర్‌ప్లేస్‌లో దుమ్ము, తుప్పు రేకులు చేరతాయి, సాలీళ్లు గూళ్లు కడతాయి. నిప్పుకణికల్లా కనిపించడానికి బర్నర్ మీద పరిచే దూదిలాంటి పదార్థాన్ని ఎవరైనా మందంగా సర్ది ఉన్నా రంధ్రాలు మూతపడతాయి. దుంగలు తమ చోటు నుంచి ఒక అంగుళం జరిగినా మంట వాటికి తగిలి చల్లబడి మసి కడుతుంది. ఉపకరణంతో వచ్చిన పుస్తకంలో దుంగల అమరిక బొమ్మ ఉంటుంది, దానితో పోల్చి చూడండి.

రెండవది పైలట్ మంట సంగతి. లోపల ఎప్పుడూ వెలిగే ఒక చిన్న మంట పక్కన కడ్డీలాంటి పరికరం ఉంటుంది. దానిని థర్మోపైల్ అంటారు. మంట వేడికి అది సుమారు 500 నుంచి 750 మిల్లీవోల్టుల విద్యుత్తు పుట్టిస్తుంది, ఆ కొద్దిపాటి విద్యుత్తే గ్యాస్ వాల్వ్‌ను తెరిచి ఉంచుతుంది. పైలట్ మంట గట్టిగా, నీలంగా ఆ కడ్డీ పైభాగాన్ని చుట్టుకుని ఉండాలి. పసుపుగా, వాలిపోయి, కడ్డీని అంటీ అంటనట్టు ఉంటే విద్యుత్తు చాలక పెద్ద మంట కొంతసేపటికి ఆరిపోతుంది. ఇది లోపం కంటే రక్షణ అనుకోవాలి: మంట లేని చోటికి గ్యాస్ వెళ్లకుండా ఆపడమే దాని పని. కొత్త రకాలలో పైలట్ నిరంతరం వెలుగుతూ ఉండదు, అవసరమైనప్పుడు విద్యుత్ నిప్పురవ్వతో అంటుకుంటుంది. వాటికి బ్యాటరీలు ఉంటే ముందు అవి మార్చి చూడండి.

మంట బాగున్నా గది వెచ్చబడకపోతే వెతకవలసిన చోటు వేరు. గాజుతో మూసిన రకంలో కొంత వేడి గాజు గుండా నేరుగా గదిలోకి ప్రసరిస్తుంది, మిగతాదానిని కింద ఉండే ఫ్యాన్ గదిలోకి నెడుతుంది. ఆ ఫ్యాన్ వెలిగించిన వెంటనే తిరగదు, లోపల తగినంత వేడెక్కాక తనంతట తానే మొదలవుతుంది. ఇరవై నిమిషాలు గడిచినా చప్పుడు లేకపోతే దుమ్ము పట్టిందో, ప్లగ్ ఊడిందో చూడమనండి. గాజు మీది తెల్లని పొరను అందుకోసం అమ్మే ద్రవంతో, పూర్తిగా చల్లారాకే తుడవాలి. అమ్మోనియా ఉన్న మామూలు అద్దాల ద్రవం ఆ పొరను గాజుకు శాశ్వతంగా అంటిస్తుంది. మనవలు ఉంటే మరీ జాగ్రత్త, ఆ గాజు తాకిన క్షణంలోనే చర్మం కాలుతుంది. ఇక గాజు లేకుండా పొయ్యిపైన చిమ్నీ తెరిచి ఉండే అలంకరణ రకం అయితే దాని వేడిలో అధిక భాగం పొగగొట్టంలోకి పోతుంది, దానికి మరమ్మతు ఏమీ లేదు. వేడి నిలుస్తుందని చిమ్నీ మూత వేయడం మాత్రం ప్రాణాంతకం.

మీ అబ్బాయి ఆ ఇల్లు కొత్తగా కొన్నట్టయితే మరొక ప్రశ్న అడగండి. ఆ ఫైర్‌ప్లేస్ గొట్టపు సహజ వాయువుకు తయారైందా, ట్యాంకులోని ప్రొపేన్‌కా? బర్నర్ దగ్గర సహజ వాయువుకు సుమారు 3.5 అంగుళాల నీటిమట్టపు ఒత్తిడి (గ్యాస్ ఒత్తిడిని అక్కడ ఇలా అంగుళాలలో కొలుస్తారు), ప్రొపేన్‌కు సుమారు 10 అంగుళాలు ఉండాలి, జెట్లు కూడా వేరు. ప్రొపేన్ జెట్ ఉన్న దానికి సహజ వాయువు ఇస్తే ఎంత శుభ్రం చేసినా మంట పొట్టిగానే ఉంటుంది. దీనికి విరుద్ధంగా జరిగితే మంట ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఒత్తిడి కొలవడం, గ్యాస్‌లో కలిసే గాలిని తగ్గించే, పెంచే మూతను సర్దడం, పైలట్ శుభ్రం చేయడం అక్కడి అర్హత గల టెక్నీషియన్ పనులు. ఏడాదికి ఒకసారి ఆ సేవ చేయించాలని తయారీదారులే చెబుతారు. అతను వచ్చేవరకు, మంటలు బర్నర్‌ను వదిలి గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపించండి. బయట పొగగొట్టం మూతికి మంచుగానీ, పక్షి గూడుగానీ అడ్డుపడి లోపల ప్రాణవాయువు తగ్గినప్పుడు మంట అలా తేలుతుంది. ఆరిపోయిన దానిని తిరిగి వెలిగించే ముందు కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. గ్యాస్ వాసన వస్తుంటే అసలు వెలిగించవద్దు, స్విచ్చులు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి అక్కడి నుంచి ఫోన్ చేయాలి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో మీ అబ్బాయిని ఇవాళే చూడమనండి, ఎంత తీరిక లేకపోయినా ఇది వాయిదా వేసేది కాదు.

ప్రశ్న: కాజీపేటలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. తెల్లవారుజామున ఐదింటికి భట్టీ వెలిగిస్తే మొదటి అరగంట మంట భగ్గున ఉంటుంది, తరువాత క్రమంగా తగ్గి ఇడ్లీ ఆవిరి పట్టడం లేదు. బండ కింది భాగం మీద మంచు కడుతోంది. తోటివారు వేడినీళ్లు పోయమంటున్నారు, పడుకోబెట్టమంటున్నారు. (కాజీపేట పాఠకుడు)

సమాధానం: ఆ రెండూ చేయవద్దు. బండలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, మంటకు వెళ్లాలంటే అది ఆవిరి కావాలి, ఆవిరి కావడానికి వేడి కావాలి. ఒక కిలో ఆవిరవడానికి సుమారు 90 కిలోకేలరీలు పడతాయి. అంటే 10 లీటర్ల నీటిని 9 డిగ్రీల మేర చల్లార్చగలిగినంత వేడిని అది బండ నుంచి, చుట్టుపక్కల గాలి నుంచి లాక్కుంటుంది. మీ భట్టీ గుంజే వేగానికి చలి వేళ బయటి గాలి అంత వేడిని అందించలేదు. బండ చల్లబడుతుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది, మంట తగ్గుతుంది. బండ ఖాళీ అవుతున్న కొద్దీ ద్రవం తాకే లోహం కూడా తగ్గి, ఇబ్బంది పెరుగుతుంది. 19 కిలోల వాణిజ్య సిలిండర్లు రెండింటిని ఒకే మానిఫోల్డ్‌కు (రెండు బండల గ్యాస్‌నూ కలిపి పంపే గొట్టానికి) కలిపించుకుంటే గుంజుడు చెరిసగమై మంచు కట్టడం తగ్గుతుంది. ఏజెన్సీ వారు దీనిని బిగించి ఇస్తారు. బండను గాలి ఆడే చోట, నిటారుగానే ఉంచండి. పడుకోబెడితే ద్రవమే పైపులోకి వచ్చి మంట ఒక్కసారిగా మనిషి మీదికి లేస్తుంది. 14.2 కిలోల ఇంటి బండను వ్యాపారానికి వాడడం నేరం, పైగా దాని రెగ్యులేటర్ భట్టీకి చాలదు.

ప్రశ్న: మాది ఉట్నూరు. రాత్రి చలికి తట్టుకోలేక, పడకగదిలో తలుపులు కిటికీలు మూసి, బండకు తగిలించే గ్యాస్ హీటర్ పెట్టుకుంటున్నాము. గంట గడిచేసరికి దాని సెగ తగ్గుతోంది, పొద్దున లేచేసరికి ఇంటిల్లిపాదికీ తలనొప్పి, వికారం. హీటర్ మార్చాలా? (ఉట్నూరు పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ఈ రాత్రి నుంచే దానిని ఆపేయండి. ఆదిలాబాద్ వైపు చలి ఒక అంకె డిగ్రీలకు దిగుతుందని, పసిపిల్లలున్న ఇంట్లో అది ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా మీ తలనొప్పికి, ఆ హీటర్ మందగించడానికి కారణం ఒక్కటే. మూసిన గదిలో ప్రాణవాయువు తరిగిపోతోంది, గ్యాస్ పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతోంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారికి తెలిసే అవకాశమే లేదు. పొగగొట్టం లేని ఏ గ్యాస్ హీటరూ, ఏ బొగ్గుల కుంపటీ నిద్రపోయే గదిలో పనికిరాదు. కొత్త హీటర్ కొన్నా ఇదే జరుగుతుంది. బండను కూడా పడకగదిలోంచి తీసేయండి, ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది, కారితే నేలబారున మీరు పడుకున్న చోటే పేరుకుంటుంది. కారిందని అనుమానం వస్తే తలుపులు తెరిచి, స్విచ్చులేవీ వేయకుండా బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయండి, అది రాత్రింబవళ్లు పనిచేస్తుంది. పడుకునే ముందు గదిని విద్యుత్ ఆయిల్ హీటర్‌తో వెచ్చబరచుకోవచ్చు, లేదంటే మందపాటి బొంతలే మేలు. తలనొప్పి ఇవాళ కూడా తగ్గకపోయినా, ఎవరైనా మత్తుగా, తూలుతూ ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మూసిన గదిలో రాత్రంతా గ్యాస్ హీటర్ మండిందన్న సంగతి మాత్రం డాక్టరుకు అన్నిటికంటే ముందు చెప్పండి.